రానీ... రానీ... ఆపు!

ఊరి మధ్య మలుపులో రెండు లారీలు ఇరుక్కోవడానికి దురదృష్టమేమీ అక్కర్లేదు, కూడికలు చాలు. ఒంటి వరస రోడ్డు మీద తారు 3.75 మీటర్లు. లారీ బాడీ వెడల్పు దాదాపు రెండున్నర మీటర్లు. అద్దాలు ఆ లెక్కలోకి రావు, అవి రెండు పక్కలా చెరో పావు మీటరు చెవులు చాచుకుని ఉంటాయి. అంటే బండికి మూడు మీటర్లు, రెండు బండ్లకి ఆరు. ఈ లెక్క డ్రైవర్లిద్దరికీ కంఠతా వచ్చు. అయినా మూతీ మూతీ ఆనేదాకా వచ్చి, ఆగి, అప్పుడు హారన్ కొడతారు. కొడితే రోడ్డు సాగుతుందేమోనని.

పెద్ద రోడ్డు వదిలేసి ఈ సందులోకి ఎందుకొచ్చావయ్యా అంటే డ్రైవర్ ఫోను చూపిస్తాడు. ఏడు నిమిషాలు కలిసొస్తాయంది మ్యాప్. అది కారుకని వెతికిన దారి. వెనకాల 28 టన్నులున్నాయని దానికి ఎవరూ చెప్పలేదు. బండి ఎత్తు, వెడల్పు, బరువు అడిగి మరీ దారి చూపే లారీ నావిగేషన్ వేరే ఉంది. కానీ అది ఏడు నిమిషాలు కలిసొస్తాయని ఆశ పెట్టదు కదా!

ఇక ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. వెనకాల వెడల్పు చోటు ఎవరికి దగ్గరో వాళ్లు పోవడం పద్ధతి. ఇద్దరికీ సమానదూరమైతే ఖాళీ బండి పోవాలి. ఎత్తు మీదైతే దిగేవాడు ఆగి ఎక్కేవాడికి దారివ్వాలి. నిండు లోడుతో ఎత్తు మధ్యలో ఆగిన బండిని మళ్లీ కదిలించేసరికి క్లచ్ ప్లేటు కాలిన వాసన ఊరంతా తగులుతుంది. అయితే ఊళ్లో నడిచే పద్ధతి వేరు. ఎవరి గొంతు చిన్నదో వాళ్లే వెనక్కి.

క్లీనర్ దిగుతాడు. అద్దంలో డ్రైవర్ మొహం తనకి కనబడే చోట నిలబడాలి. తనకి డ్రైవర్ కనబడకపోతే డ్రైవర్‌కి తనూ కనబడడు. కానీ అతగాడు సరిగ్గా బండి వెనకాల, ఏ అద్దానికీ అందని చోట నిలబడి "రానీ, రానీ" అంటాడు. ఈలోగా అరుగుల మీంచి ఆరుగురు సాయానికొస్తారు. "లెఫ్ట్ కొట్టు!" అని ఒకాయన. డ్రైవర్‌కి ఎదురుగా నిలబడ్డాడు కాబట్టి ఆయన లెఫ్టు డ్రైవర్‌కి రైటు. ట్రాలీ బండైతే రివర్సులో స్టీరింగ్ ఎటు తిప్పితే ట్రాలీ దానికి ఎదురు దిక్కుకి పోతుంది. అందుకని అప్పుడప్పుడూ రెండు తప్పులూ కలిసి ఒప్పై కూర్చుంటాయి. అలా ఒక్కసారి కుదిరిందా, ఆ పెద్దమనిషి చెప్పింది ఊళ్లో ఇక వేదమే.

అసలు చిక్కు మలుపులో ఉంది. ముందు టైర్లు తిరిగాయి కదా అని వెనకవి వాటి జాడలోనే నడవవు, లోపలికి కోసుకొస్తాయి. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య అయిదున్నర మీటర్లుండి, పన్నెండు మీటర్ల వ్యాసార్థంతో తిరిగితే వెనక టైర్లు మీటరు పైనే లోపలికి వస్తాయి. ఆ మీటరులోనే మూలింటివాళ్ల అరుగుంది. దాన్ని కాపాడుకోవాలని వాళ్లొక రాయి పాతారు, మోకాలెత్తున. క్యాబిన్‌లోంచి చూస్తే మోకాలెత్తు రాయి లేనట్టే లెక్క.

రాయిని తప్పించబోయి రెండోవైపు మార్జిన్‌లోకి దింపితే ఇంకో ముచ్చట. పది టైర్ల బండికి వెనక ఒక్కో టైరు మీద రెండున్నర టన్నులు. తారు దాటాక కింద ఉన్నది మెత్తటి మట్టి, పైగా పక్కనే కాలువ. టైరు దిగబడగానే అందరూ ఒక్క గొంతుతో "రేజ్ చెయ్!" అంటారు. చెయ్యకూడనిది అదొక్కటే. రెండు పక్కల చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ పుణ్యమా అని తారు మీదున్న చక్రం కదలదు, బురదలోది గిరగిరా తిరిగి తన గొయ్యి తనే తవ్వుకుంటుంది. ఆ రెండు చక్రాల్నీ కలిపి తిప్పే డిఫ్ లాక్ ఉంటే వెయ్యాలి. లేకపోతే టైరు పోవాల్సిన వైపు మట్టి తవ్వేసి, రాళ్లో చెక్కలో పేర్చి, వచ్చిన జాడలోనే నెమ్మదిగా లాగించాలి.

ఇంతసేపూ పొగ పెడుతున్నావని ఎవరో ఇంజన్ ఆపిస్తారు. బ్రేకులకి గాలి తెచ్చే పైపులో సన్నటి లీకుందంటే, గంటసేపు తగువు తేలేసరికి గాలి ట్యాంకులు ఖాళీ. చాలా లారీల్లో పార్కింగ్ బ్రేకు పట్టేది స్ప్రింగు, వదిలేది గాలి. గాలి లేకపోతే బ్రేకు పోదు, బిగుసుకుంటుంది. దారి దొరికింది, జనం తప్పుకున్నారు, "పోనీ!" అని అందరూ అరుస్తున్నారు. బండి మాత్రం బజర్ మోగించుకుంటూ అక్కడే ఉంటుంది. ఇంజన్‌తో తిరిగే కంప్రెసర్ మళ్లీ గాలి నింపేదాకా డ్రైవర్‌ని తిట్టడానికి ఊరికి తీరికే తీరిక.

రోడ్డు గతి చెప్పక్కర్లేదు. 1958-60లో అమెరికాలో ఆషో (అక్కడి రాష్ట్రాల రహదారి అధికారుల సంఘం) జరిపిన రోడ్ టెస్టు నుంచి ఇంజినీర్లు తీసిన లెక్క ప్రకారం, రోడ్డుకి తగిలే దెబ్బ ఇరుసు బరువుకి సుమారు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. అరటన్ను మోసే కారు ఇరుసుతో పోలిస్తే పది టన్నుల లారీ ఇరుసు 20 రెట్లు బరువు, దెబ్బ మాత్రం 1,60,000 రెట్లు. గుంతలు పడ్డ రోడ్డు మీద ఖాళీ లారీ మరీ ఘోరం. గొలుసులూ వెనక తలుపూ కలిసి అర్ధరాత్రి భజన పెడతాయి.

చివరికి ఊరివాళ్లు విసిగి, ఊరి మొదట్లో రెండున్నర మీటర్ల ఎత్తున ఇనప కమాను పెట్టిస్తారు. లారీలు నిజంగానే ఆగిపోతాయి. మర్నాడు పొద్దున బస్సూ ఆగుతుంది, దాని వెనకే గడ్డి మోపుల ట్రాక్టరూ, దాని వెనక కోత మిషనూ. కమాను కడ్డీకి తాళం వేసి తీసేట్టు ఏర్పాటు చేశారు, బాగానే ఉంది. తాళంచెవి ఉన్నాయన ఆ బస్సులోనే వస్తున్నాడు.