అమ్ముకున్నాక గుర్తొచ్చిన వాస్తవికత

కాల్ ఆఫ్ డ్యూటీ వాళ్లకు ఉన్నట్టుండి తమది యుద్ధం గేమ్ అని గుర్తొచ్చింది. ఆ సిరీస్‌లోని బ్లాక్ ఆప్స్ 6 గేమ్‌లో కొన్న క్యారెక్టర్లు, స్కిన్లు (అంటే వేషాలు), తుపాకులు తర్వాతి గేమ్ బ్లాక్ ఆప్స్ 7లోకీ వస్తాయని ముందు చెప్పినవాళ్లే, 2025 ఆగస్టులో రావని తేల్చేశారు. గేమ్ దాని నేపథ్యానికి తగ్గట్టు ఉండాలట! 2023లో ర్యాప్ గాయని నిక్కీ మినాజ్‌కి గులాబీ రంగు డ్రెస్సేసి, చేతిలో తుపాకీ పెట్టి అమ్మినప్పుడు ఈ నేపథ్యం ఎటు పోయింది?

పాత గేమ్‌లో అవన్నీ అలాగే ఉన్నాయి కదా, పోయిందేముంది అనేవాళ్లు ఉన్నారు. సైనికుల మధ్య కార్టూన్ బొమ్మలు గెంతుతుంటే మూడ్ పాడవుతోందన్న వాళ్ల బాధా అబద్ధం కాదు. కానీ మా అభ్యంతరం ఎవరి టేస్టు గొప్పదన్న దాని మీద కాదు. డబ్బు తీసుకున్నాక, గట్టిగా అరిచినవాళ్లను బట్టి మాట మార్చొచ్చని ఒక పెద్ద కంపెనీ చూపించింది. ఇవాళ సీరియస్ సైనికుడు కావాలన్నవాళ్లు అరిచి గెలిచారు, రేపు పొట్టి బట్టలు వద్దనేవాళ్లు అరుస్తారు, ఎల్లుండి నిండుగా కప్పడం వద్దనేవాళ్లు. ప్రతిసారీ ఇంకెవరో కొన్న బట్టలే పోతాయి.

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి. దీనికి తగ్గ దారి ఈ పరిశ్రమకు తెలియనిదేమీ కాదు. ఆన్‌లైన్ గేమ్ వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2011లోనే కవచం బలం వేరు, దాని రూపం వేరు అని విడదీసి, నచ్చినట్టు కనపడే వీలిచ్చింది. గిల్డ్ వార్స్ 2లో ప్లేయర్ల మధ్య పోటీల్లో ఎదుటివాళ్ల వేషం చూడలేకపోతే మన స్క్రీన్ మీద మామూలు బొమ్మగా మార్చుకోవచ్చు, వాళ్ల వేషం వాళ్లకుంటుంది. ఒక్క సెట్టింగ్‌తో తీరే గొడవ ఇది. 2022లో గెన్షిన్ ఇంపాక్ట్ నలుగురు అమ్మాయిల పాత్రలకు కాస్త నిండైన డ్రెస్సులు తెచ్చినప్పుడు చైనాలో పాతవాటి స్థానంలో అవే పెట్టేశారు, మిగతా దేశాల్లో మాత్రం ఏది కావాలో ఆడేవాళ్లకే వదిలేశారు. డ్రెస్సులు అవే, తేడా ఎంచుకునే హక్కులోనే.

కంపెనీ చెయ్యి పెట్టాల్సిన సందర్భం ఒకటుంది, కాదనం. కాల్ ఆఫ్ డ్యూటీలోనే మరో గేమ్ అయిన వార్‌జోన్‌లో రోజ్ అనే పాత్రకున్న నల్లటి డ్రెస్సు చీకటి మూలల్లో అసలు కనపడక, డబ్బు పెట్టి కొన్నవాళ్లు ఊరికే గెలిచేవాళ్లు. దాన్ని మార్చడం న్యాయం, ఎందుకంటే అక్కడ ఆటే దెబ్బతింది. ఇక్కడ దెబ్బతిన్నది ఆట కాదు, కొందరి అభిరుచి మాత్రమే.

ఆటగాళ్లూ తక్కువ తినలేదు. ఆడ పాత్రకు ఒక అంగుళం బట్ట పెంచితే స్వేచ్ఛ, కళ అని గోల పెట్టేవాళ్లలో చాలామందే పక్కవాడు అరటిపండు వేషంలో వస్తే నిషేధించండి అంటున్నారు. తమ డ్రెస్సు మీదికొచ్చినప్పుడే వీళ్లకు స్వేచ్ఛ గుర్తొస్తుంది.

ఇక కంపెనీకి ఒకటే మాట. వాస్తవికత మీద అంత ప్రేమే ఉంటే ఆ వేషాలు అమ్మకానికి పెట్టకముందే చెప్పాల్సింది. అమ్ముకున్నాక చెప్పారు కాబట్టి, కొత్త గేమ్‌లోకి వస్తాయన్న మీ మాట నమ్మి కొన్నవాళ్లకు డబ్బు వెనక్కివ్వండి.