గ్లాసు వేడి దాగదు

విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర తెల్లవారుజామున టీ కొట్టు. శ్రీకాకుళం బస్సు మలుపు తిరిగిందో లేదో, ఎవరు దిగుతారో ఊహించి, కొట్టువాడు అడగకుండానే వాళ్ల గ్లాసులో టీ పోసేస్తాడు. స్టీలు గ్లాసు డ్రైవరుది, గాజుది కండక్టరుది. ఒక్కోరోజు ఎవరూ దిగరు. టీ పారబోసి గ్లాసు బోర్లిస్తాడు. అయినా పక్కనున్నవాడు రెండు గ్లాసులూ ముట్టుకుంటే, ఎవరికోసం పోశాడో ఇట్టే చెప్పేస్తాడు.

కంప్యూటర్ ప్రాసెసర్ చేసేదీ ఇదే. ప్రోగ్రాం ఏ దారి పడుతుందో తేలేలోపే ఊహించి పని మొదలెడుతుంది. ఊహ తప్పితే ఫలితాన్ని పారేస్తుంది. కానీ ఆ తొందరలో తెచ్చిన డేటా, ప్రాసెసర్ చేతికందేలా ఉండే చిన్న గూడు లాంటి కాష్ మెమరీలోనే ఉండిపోతుంది. కాష్‌లో ఉన్నది చటుక్కున వస్తుంది, లేనిది ఆలస్యంగా వస్తుంది. ఆ నానోసెకన్ల తేడా కొలిచి పక్క ప్రోగ్రాం రహస్యం లాగేయొచ్చని 2018 జనవరి 3న మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే లోపాల పేర్లతో లోకానికి తెలిసింది. ఇరవై ఏళ్లకు పైగా చిప్ కంపెనీలు వేగం కోసం పోటీపడ్డాయే గాని, గ్లాసు వేడిని ఎవరూ లెక్కపెట్టలేదు.

తర్వాతంతా అతుకుల (ప్యాచ్‌ల) కథే. స్పెక్టర్‌కు వేసిన ఒక అతుకును కొన్ని ఇంటెల్, ఏఎండీ చిప్‌లలో దాటవచ్చని 2022లో జ్యూరిక్ ఈటీహెచ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రెట్‌బ్లీడ్ అనే దాడితో చూపారు. దాన్ని పూడ్చడానికి పనిభారం 14 నుంచి 39 శాతం దాకా పెరిగిందని వాళ్లే కొలిచారు. వేగం కోసం చేసిన తప్పును దిద్దడానికి వేగాన్నే ధారపోయడం! 2023లో డౌన్‌ఫాల్, ఇన్‌సెప్షన్ అనే ఇలాంటి లోపాలు కూడా బయటపడ్డాయి.

అందుకే మేం అడిగేది డిజైన్ బల్ల మీదే జాగ్రత్త పడమని. అనుమతి చూశాకే డేటా అందించడం, ఊహ నిజమని తేలేదాకా కాష్‌ను కదపకపోవడం, ఒక ప్రోగ్రాం నేర్పిన ఊహ మరొకదానికి అంటకుండా చూడడం. కొంత వేగం పోతుంది. పోనివ్వండి.

ఐఐటీ మద్రాస్ ‘శక్తి’, కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ ‘వేగా’ — ఎవరైనా ఉచితంగా వాడుకోగల రిస్క్-వీ పద్ధతిలో మన దేశంలోనే రూపుదిద్దుకున్న ప్రాసెసర్లు. పాత తప్పులు మోయాల్సిన అవసరం వాటికి లేదు. ఎచ్చెర్ల, రాజాం, చింతలవలసల్లో ఇంజనీరింగ్ చదివి చిప్ డిజైన్ కొలువులకు వెళ్లే మన పిల్లలకు బ్రాంచ్ ప్రిడిక్షన్ (ప్రోగ్రాం దారి ఊహించడం) పాఠం వేగం లెక్కతో ముగిసిపోకూడదు. శక్తి డిజైన్ కోడ్ అందరికీ తెరిచే ఉంది. వచ్చే సెమిస్టరు ల్యాబ్‌లో దాన్నే ముందుపెట్టి, ఏ గ్లాసు వేడిగా ఉందో వాళ్లచేతే కొలిపించాలి.