జిగురుతో అతికించిన కప్లింగులు
పాత హెచ్‌వో నమూనా (అసలు రైలులో 87వ వంతు ఉండే బొమ్మ రైలు) గూడ్సు వ్యాగన్లను బాగుచేశామని చెప్పి అమ్మే కొందరు, పాత రంగు గీకకుండానే దానిమీద మందంగా మరో పూత పూసి, రివెట్ల (మేకుతలల్లాంటి చిన్న బొడిపెల) వరుసలను పూడ్చిపెట్టడం నాకు తీరని బాధ కలిగిస్తోంది. 1:87 నిష్పత్తిలో ఆ రివెట్టు ఇసుక రేణువంతే ఉంటుంది; ఒకసారి మూసుకుపోయిందంటే, ప్లాస్టిక్‌ దెబ్బతినకుండా దాన్ని మళ్లీ బయటికి తేవడానికి పాత టూత్‌బ్రష్షుతో గంటల తరబడి రుద్దవలసిందే. అంతకన్నా ఘోరం, విరిగిన కప్లింగును, అంటే ఒక వ్యాగనును మరోదానికి తగిలించే కొక్కేన్ని, జిగురుతో అతికించడం. అది పక్కకు కదలదు కనుక, మలుపు రాగానే 16.5 మిల్లీమీటర్ల ఎడం ఉన్న పట్టాల మీదినుంచి వ్యాగను దిగిపోతుంది. బిట్రగుంట రైల్వే యార్డులో గూడ్సు బండ్లను చూస్తూ పెరిగిన మా నెల్లూరు జిల్లావారికి కప్లింగు విలువ ఒకరు చెప్పనక్కరలేదు. మిగతా మరమ్మతులంటారా, లోహపు చక్రాలు నేనే వేసుకుంటాను, వ్యాగనుకు తక్కువైన బరువు నేనే కలుపుకుంటాను. విరిగినదాన్ని విరిగినట్టే అమ్మండి, జిగురు మాత్రం పూయకండి.