ఎవరి గిన్నె తూచి రాశారు?

సెప్టెంబరు వస్తే పోషణ మాసం. అంగన్వాడీ గోడ మీద రంగుల పళ్ళెం బొమ్మ, దాని ముందు అధికారుల ఫొటో. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన మార్గదర్శకాలు రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినమంటున్నాయి. వద్దని ఎవరంటారు? మేం అడిగేది వేరు. ఆ మార్గదర్శకాల్లోని 17 సూత్రాలు రాసేముందు ఎవరింట్లో గిన్నె తూచారు?

ఒకప్పుడు నిజంగానే తూచేవారు. 1972లో మొదలైన జాతీయ పోషకాహార పర్యవేక్షణ బ్యూరో సిబ్బంది పల్లెలకు వచ్చి, పొయ్యి ఎక్కకముందే బియ్యం, పప్పు, కూరగాయలు త్రాసులో వేసేవారు. కొలత గిన్నెలు ముందు పెట్టి, నిన్న ఎవరెంత తిన్నారో అడిగేవారు. చోడి అంబలైనా, మెత్తళ్ళ పులుసైనా లెక్కకెక్కే పద్ధతి అది. 2015లో ఆ బ్యూరోను మూసేశారు. ఆ తర్వాత సర్వేలే జరగలేదని అనం. కానీ ఏళ్ళ తరబడి ఇళ్ళకొచ్చి తూచిన ఏర్పాటు పోయింది, సలహాలు మాత్రం వస్తూనే ఉన్నాయి.

దేశమంతటికీ ఒకే పుస్తకం రాసేవాళ్ళు ప్రతి మండలాన్నీ పట్టించుకోలేరన్నది నిజమే. శాస్త్రవేత్తల చిత్తశుద్ధి మీదా మాకు అనుమానం లేదు. అయితే కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతేమిటి? కవిటి, సోంపేట పల్లెల్లో డయాలసిస్‌కి వెళ్ళే మనిషికి డాక్టరు పొటాషియం తగ్గించమంటాడు. అరటిపండు వద్దు, ఆకుకూర ఉడికించి ఆ నీళ్ళు పారబోయండి అంటాడు. చుట్టూ కొబ్బరి తోటలే, కొబ్బరినీళ్ళు మాత్రం ముట్టకూడదు. అంగన్వాడీ గోడేమో పండ్లూ ఆకుకూరలూ పెంచమంటుంది. ఆ బొమ్మ ఆరోగ్యవంతుల కోసమేనని పుస్తకం చదివినవాళ్ళకు తెలుసు. ఇంట్లో వంట ఒక్కటే, తినేవాళ్ళలో రోగీ ఉన్నాడు, పిల్లలూ ఉన్నారు. వండే కోడలు ఎవరి మాట వినాలి? తూచడానికి ఆ ఇంటికెళ్ళి ఉంటే ఈ ప్రశ్న కమిటీ గదిలోనే వచ్చేది.

మార్గదర్శకాలు 1998లో, 2011లో, మళ్ళీ 2024లో వచ్చాయి. ఎప్పుడు సవరించాలో, ఎవరిని అడగాలో చెప్పే చట్టం మనకు లేదు. అమెరికాలో అయిదేళ్ళకోసారి సవరించాలని 1990 నాటి చట్టం ఉంది. అయినా ఏం జరిగింది? సలహా కమిటీ నివేదికలో చాలా భాగాన్ని పక్కన పెట్టి, వేరే సమీక్ష చేయించి 2026 జనవరిలో అక్కడి ప్రభుత్వం తన మార్గదర్శకాలు తెచ్చుకుంది. ఆ సమీక్షకుల్లో కొందరికి మాంసం, పాల పరిశ్రమలతో సంబంధాలున్నాయి. చట్టం ఉన్నచోటే ఇలా ఉంటే, అదీ లేని మన దగ్గర రేపు బిస్కెట్ల కంపెనీలు, నూనెల కంపెనీలు లోపలికొస్తే అడ్డేది? బ్రెజిల్ 2014లో ముసాయిదాను జనం ముందు పెట్టి అభిప్రాయాలు తీసుకున్నాకే ఖరారు చేసింది. తెలుగులో ఒక ముసాయిదా వేసి మన్యంలోని సీతంపేట సంతలో చదివి వినిపించడానికి ఖర్చెంతవుతుంది?

తదుపరి పుస్తకానికి ముందు కమిటీ సభ్యులకు కంపెనీలతో ఉన్న సంబంధాలు బయటపెట్టాలి. తూచే బ్యూరోను మళ్ళీ తెరవాలి. దీన్ని ఢిల్లీలో లేవనెత్తాల్సింది శ్రీకాకుళం, విజయనగరం ఎంపీలే. పోషణ మాసం ఫొటోల్లో ముందు వరసలో నిలబడే తీరిక ఉన్నవారు ఈ ఒక్క మాట లేవనెత్తడానికి తీరిక లేదంటే ఊరుకునేది లేదు.