వెనక సీటుకి బెల్టెందుకు అని అడిగే మా పెద్దలందరికీ

నిన్న సాయంత్రం నుంచి కడుపు రగిలిపోతోంది. రాత్రంతా నిద్ర లేదు. పొద్దున లేచి ఫ్యామిలీ గ్రూపు తెరిస్తే నా మీదే పంచాయితీ నడుస్తోంది. అక్కడ ఏం రాసినా "పెద్దవాళ్ళతో అలాగేనా మాట్లాడేది" అంటున్నారు కాబట్టి ఇక్కడ రాస్తున్నా. మా వాళ్ళు సగం మంది ఇక్కడా ఉన్నారు, వాళ్ళు చదవాలనే రాస్తున్నా.

శంషాబాద్‌లో పెళ్ళి. మా వాడికి జ్వరం, అందుకని వాణ్ణీ వాళ్ళ నాన్ననీ ఇంట్లో వదిలి నేనే కారు తీశాను. మియాపూర్‌లో అక్క, బావగారు, వాళ్ళ నాలుగేళ్ళ పాప, ఊరి నుంచి వచ్చిన పెద్దనాన్న ఎక్కారు. ఎక్కడంతోనే మొదలైంది. వెనక సీట్లో మా వాడి చైల్డ్ సీటు బిగించి ఉంటుంది. "ఇదేందమ్మా ఇంత జాగ తింటున్నది, తీసి డిక్కీల పడేయరాదూ" అన్నారు పెద్దనాన్న. పాప కోసమే ఉంచాను పెద్దనాన్నా అని నేను చెప్తూ ఉండగానే బావగారు పాపని ఎత్తుకుని ముందు సీట్లో, తన ఒళ్ళో కూర్చోబెట్టుకుని తలుపేసేశారు. బెల్టు పెట్టుకోండి బావగారూ అంటే పెట్టుకున్నారు, ఎలాగంటే వీపు వెనక నుంచి లాగి బకిల్‌లో గుచ్చారు. అలారం ఆగిపోయింది. ఆయనకి కావలసింది అంతే. అలారం ఆగడం.

ట్రాఫిక్ సంగతి తెలుసు కదా, ముహూర్తం టైమ్ దగ్గర పడుతోందని అందరూ కంగారు. మియాపూర్ నుంచి కొత్తగూడ, అక్కణ్ణుంచి గచ్చిబౌలి, దారంతా చెబుతూనే ఉన్నాను. "పోనీయమ్మా, చూద్దాంలే." బయల్దేరిన చోటే బండి ఆపకపోవడం నా తప్పు, అది నేనూ ఒప్పుకుంటున్నాను. కానీ నానక్‌రామ్‌గూడ దగ్గర ఓఆర్ఆర్, అదే ఔటర్ రింగ్ రోడ్డు, ఎక్కాలి. ఆ రోడ్డు మీద వేగం పరిమితి 120. నేను 120లో పోకపోయినా పక్కన పోయేవాళ్ళు పోతారు. ఆ రోడ్డు మీదకి, ముందు సీట్లో ఒళ్ళో పసిపిల్లని పెట్టుకున్న మనిషితో, వెనక బెల్టు లేకుండా కాళ్ళు చాపుకున్న పెద్దాయనతో నేను ఎక్కలేను. టోల్ గేటుకి ముందే సర్వీస్ రోడ్డులో పక్కకి తీసి బండి ఆపేశాను. పాపని వెనక కుర్చీలో కూర్చోబెట్టి, అందరూ బెల్టు పెట్టుకునేదాకా బండి కదలదు అని చెప్పాను.

అప్పుడు పెద్దనాన్న అన్న మాట వినండి. "నువ్వు ఆడపిల్లవు, భయం జాస్తి. నేను ముప్పై ఏండ్లు జీపు నడిపిన, నా మీద ఒక్క గీత పడలే. వెనక కూసున్నోళ్ళకు బెల్టేంది?"

నేను పదకొండేళ్ళుగా ఈ నగరంలో బండి నడుపుతున్నాను. నాది భయం కాదు. బండి యాభైలో పోతుంటే లోపల కూర్చున్న మనిషి కూడా యాభైలోనే పోతున్నట్టు. బండి దేనికో గుద్దుకుని ఆగుతుంది, మనిషి ఆగడు. ఏదో ఒకటి ఆపేదాకా ఆ యాభైలోనే ముందుకి పోతూ ఉంటాడు. ఆపేది బెల్టు అయితే భుజం మీద, తుంటి మీద వాత తేలి బతుకుతాడు. బెల్టు లేకపోతే ఆపేది ముందు సీటు, లేదా ముందు సీట్లో కూర్చున్న మనిషి మెడ. పెద్దనాన్న కూర్చున్నది సరిగ్గా నా వెనక! ఆయన బెల్టు ఆయన ఇష్టం అంటున్నారు గ్రూపులో. నా వెన్నెముక ఎవరి ఇష్టం?

ఇక పాప సంగతి. "నేను గట్టిగా పట్టుకుంటా" అన్నారు బావగారు. ఎవరూ పట్టుకోలేరు. యాభై వేగంలో గుద్దుకుంటే పదిహేను కిలోల పాప ఆ లిప్తపాటులో రెండు మూడు వందల కిలోల బరువై చేతుల్లోంచి పోతుంది. రెండు వందల కిలోలు ఎత్తే చేతులు మన ఇంట్లో ఎవరికున్నాయి? పైగా ఎదురుగా డ్యాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ ఉంది. అదేదో మెత్తటి దిండులా వచ్చి బుజ్జగిస్తుందని అనుకుంటున్నారు చాలామంది. సెకనులో వెయ్యో వంతులు ఒక ముప్పై, అంతలోనే గ్యాసుతో పేలినట్టు తెరుచుకుంటుంది అది. బెల్టు పెట్టుకుని, వెనక్కి ఆనుకుని కూర్చున్న పెద్దమనిషి కోసం చేసింది. దానికీ బావగారి ఛాతీకీ మధ్యలో పాప తల ఉంది. బావగారి నుదుటికి జానెడు దూరంలో, ఎండ పడకుండా కిందికి దించుకునే పలక మీద, ఎయిర్‌బ్యాగ్ ముందు పిల్లల సీటు పెట్టొద్దని బొమ్మ వేసి, అడ్డంగా గీత కొట్టి మరీ ఉంది. చదువుకున్న మనిషి. కంప్యూటర్ ఉద్యోగం.

ఆయన సొంత కారులో అయితే ఇంకా ఘోరం, బకిల్‌లో ఒక ఇనప ముక్క గుచ్చి ఉంచారు. బెల్టు లేకుండానే బెల్టు పెట్టుకున్నట్టు బండిని నమ్మించే ముక్క. ఆన్‌లైన్‌లో వంద, రెండు వందలకి దొరికేది. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ వాటిని అమ్మొద్దని ఆర్డర్ ఇచ్చి, ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టిన 13 వేలకు పైగా లిస్టింగులు తీయించింది. అంటే ఎంతమంది కొంటే అన్ని పెట్టి ఉంటారు! అలారం నుంచి తప్పించుకోవడానికి డబ్బు పెట్టి సామాను కొన్న జనం మనం.

చివరికి అక్కే దిగి, పాపని బావగారి ఒళ్ళోంచి తీసుకుని వెనక చైల్డ్ సీట్లో కూర్చోబెట్టింది. పాప తన బెల్టు తనే టక్కుమని పెట్టుకుంది. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. కిటికీ పక్కన కాస్త ఎత్తుగా కూర్చుని బయటికి చూస్తూ నవ్వుతోంది. నాలుగేళ్ళ పిల్లకి లేని కష్టం అరవై ఎనిమిదేళ్ళ పెద్దాయనకి వచ్చింది. "నీ బండ్ల ఎక్కితే జైల్ల కూసున్నట్టున్నది" అని ఆయన దిగిపోయారు. బావగారు ఆయనకి క్యాబ్ బుక్ చేశారు. మాకంటే ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చి, మండపంలో కనబడ్డ ప్రతివాళ్ళకీ "నన్ను నడిరోడ్డు మీద దింపేసింది" అని చెప్పుకున్నారు.

నేను దింపలేదు. ఆయనే దిగారు.

చట్టం గురించి కూడా చెప్పాను నిన్న, ఎవరూ వినలేదు. వెనక సీట్లో కూర్చున్నా బెల్టు తప్పనిసరి. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చినప్పుడు 194బి సెక్షన్ పెట్టారు, బెల్టు లేకపోతే వెయ్యి, పద్నాలుగేళ్ళలోపు పిల్లలకి బెల్టో చైల్డ్ సీటో లేకపోతే బండి నడిపే మనిషికి వెయ్యి. సిటీలో వెనక సీటు బెల్టు గురించి నన్ను మాత్రం ఇంతవరకూ ఏ పోలీసూ ఆపలేదు, అందుకే అది చట్టమని ఎవరికీ అనిపించదు. 2022 సెప్టెంబర్ 4న టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ ముంబై వైపు వస్తూ పాల్ఘర్ దగ్గర కారు ప్రమాదంలో చనిపోయారు కదా. ఖరీదైన కారు. ముందు కూర్చున్న ఇద్దరూ గాయాలతో బతికారు. వెనక ఇద్దరూ పోయారు. వెనక ఇద్దరికీ బెల్టు లేదు. ఆ వారమంతా మన గ్రూపులో బెల్టు పెట్టుకోండి అని ఫార్వర్డులే ఫార్వర్డులు. అందులో మూడు పెద్దనాన్న పంపినవే!

అంతెందుకు, 2018 ఆగస్టులో నందమూరి హరికృష్ణ గారు మా నల్గొండ జిల్లాలోనే రోడ్డు ప్రమాదంలో పోయారు. బెల్టు పెట్టుకోలేదని, కారులోంచి బయటికి పడిపోయారని అప్పుడు పేపర్లన్నీ రాశాయి. ఆ రోజు టీవీ ముందు కూర్చుని కండువాతో కళ్ళు తుడుచుకున్నది ఈ పెద్దనాన్నే. పొద్దున్నుంచి అన్నం ముట్టలేదు ఆయన. ఆ మనిషికి, ఆ ఏడుపుకి, తన పక్కన వేలాడుతున్న బెల్టుకి మధ్య ఏ సంబంధమూ కనబడలేదంటే నాకు ఏమనాలో తెలియడం లేదు.

సరే, అసలు విషయం చెప్తాను. నిన్నటి కోపం నిన్నటిది కాదు. ఇది 2017 నాటి కోపం.

చిన్నాన్న, చిన్నమ్మ విజయవాడ హైవే మీద ఊరికి వెళ్తున్నారు. చిట్యాల దాటాక రాంగ్ రూట్‌లో ట్రాక్టర్ ఎదురొచ్చింది. చిన్నాన్న బెల్టు పెట్టుకున్నారు, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంది, ఆయనకి పెద్దగా ఏమీ కాకూడదు. కానీ ఆయన వెనక చిన్నమ్మ కూర్చుంది, బెల్టు లేకుండా. ఆమె వచ్చి ఆయన సీటుని గుద్దితే సీటు ముందుకి వంగిపోయింది. ఆయనకి రెండు పక్కటెముకలు. ఆమెకి తుంటి ఎముక. రెండు ఆపరేషన్లు, ఏడు నెలల మంచం. ఇప్పటికీ కర్ర లేకుండా వాకిట్లోకి రాలేదు మా చిన్నమ్మ. బతుకమ్మకి చుట్టూ తిరిగి ఆడే మనిషి, ఇప్పుడు గోడ పక్కన కుర్చీలో కూర్చుని చప్పట్లు కొడుతుంది.

ఇంట్లో ఏమన్నారు? "గండం గడిచింది." కారుకి నిమ్మకాయలు కట్టలేదన్నారు. అమావాస్య పూట బయల్దేరారన్నారు. పెద్దనాన్న అయితే ఆసుపత్రిలో, అందరి ముందూ, కట్టుతో పడుకున్న తమ్ముడితో "జర చూసుకొని నడపాలె కదరా" అన్నారు. చిన్నాన్న ఆ తర్వాత స్టీరింగ్ ముట్టుకోలేదు. భార్యని తనే కుంటిదాన్ని చేశానని ఈ రోజుకీ అనుకుంటున్నారు. ఆయన తప్పేం లేదు, బెల్టు ఉంటే ఇద్దరూ నడుచుకుంటూ ఇంటికొచ్చేవాళ్ళు అని ఒక్కరంటే ఒక్కరు ఆయనతో అనలేదు. నేనూ అనలేదు, అప్పుడు చిన్నదాన్ని, ధైర్యం చాల్లేదు.

స్టేషన్ దగ్గర పెట్టిన ఆ కారులోంచి సామాను తెచ్చింది నేనే. వెనక సీట్లో చిన్నమ్మ చెప్పులు, పగిలిన పచ్చడి సీసా. బెల్టు ఎక్కడుందా అని చూశాను. పట్టీ పైనుంచి వేలాడుతోంది, కొత్తది కొత్తగానే ఉంది. దాన్ని గుచ్చే బకిల్ మాత్రం కనబడలేదు. చెయ్యి పెట్టి వెతికితే సీటు కవరు కింద ఉంది. కారు కొన్న వారంలో రెగ్జిన్ కవర్లు వేయించారు కదా, వేసినవాడు మూడు బకిళ్ళనీ లోపలికి తోసి, పైన లాగి కుట్టేశాడు. చిన్నమ్మ పెట్టుకుందామన్నా కుదిరేది కాదు.

అందుకే సీటు కవర్ల షాపుల వాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. 2021లో నేను ఈ బండి కొన్నప్పుడు ఇక్కడి షాపులో కూడా అదే పని చేయబోయాడు. "వెనక ఎవరూ వాడరు మేడమ్, సీటు నీట్‌గా కనబడుతుంది" అన్నాడు. అక్కడే నిలబడి అన్నీ బయటికి తీయించాను. కొన్ని బండ్లలో ముందు సీటు పక్కలోంచి కూడా ఎయిర్‌బ్యాగ్ వస్తుంది, దాని మీద మామూలు కవరు బిగించి కుడితే అది తెరుచుకోవడానికి దారి ఉండదు, అందుకే వాటికి అక్కడ కుట్టు విడిపోయేలా వేరే కవర్లుంటాయి. ఆ సంగతి షాపువాడు చెప్పడు. మనం అడగం. క్యాబుల్లోనూ ఇదే కథ, నేను ఎక్కిన క్యాబుల్లో సగానికి పైగా వెనక బకిల్ దొరకదు. అడిగితే "వెనక అవసరం లేదు మేడమ్" అంటారు. నేను రాత్రిళ్ళు క్యాబ్ ఎక్కితే కూర్చోగానే రెండు చూస్తాను, బకిల్ పైకి వస్తుందా, లోపలి నుంచి తలుపు తెరుచుకుంటుందా. క్యాబులకి చైల్డ్ లాక్, అంటే వెనక తలుపు లోపలి నుంచి తెరుచుకోకుండా చేసే తాళం, ఉండకూడదని 2019 జులై నుంచి నిబంధన ఉంది. అయినా నేను చూసుకుంటాను. సొంత కారులో పిల్లలుంటే చైల్డ్ లాక్ తప్పకుండా వేయాలి, వెనక తలుపు తెరిస్తే అంచు మీద చిన్న మీట ఉంటుంది, చాలామందికి అది ఉందనే తెలియదు.

అక్కా, నువ్వు చదువుతున్నావని తెలుసు. నిన్న నువ్వు దిగి పాపని తీసుకున్నందుకు నీకు రుణపడి ఉంటాను. బావగారితో గొడవ పడొద్దు, కానీ ఆ ఇనప ముక్క మాత్రం తీసి పారేయ్.

పెద్దనాన్నా, క్షమాపణ చెప్పమని గ్రూపులో అడుగుతున్నారు. మిమ్మల్ని బాధపెట్టినందుకు బాధగానే ఉంది, చిన్నప్పుడు నన్ను జీపులో ఎక్కించుకుని జాతరకి తీసుకెళ్ళింది మీరే, అది నేను మరచిపోలేదు. కానీ బండి ఆపినందుకు క్షమాపణ చెప్పను. మీ తమ్ముడికి మీరు ఆసుపత్రిలో అన్న మాటకి మీరు ఒకసారి ఆయన దగ్గరికి వెళ్ళి మాట్లాడితే, నాకు అంతకంటే ఏమీ అక్కర్లేదు.

వచ్చే ఆదివారం చిన్నమ్మని చూడటానికి ఊరికి వెళ్తున్నాను. మా వాడు తన కుర్చీలో ఉంటాడు, వెనక ఒకరికి, ముందు ఒకరికి చోటుంది. బకిళ్ళన్నీ పైకే ఉన్నాయి. వచ్చేవాళ్ళు చెప్పండి, పొద్దున ఆరింటికి మియాపూర్‌లో బయల్దేరతా.