‘సైటు పెట్టు, క్లయింట్లే వస్తారు’ అనే ఫార్వర్డుకు నా జవాబు

నెల రోజులుగా ఒకటే మెసేజీ. కాలేజీ గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, ఆఖరికి మా పిన్ని కూడా “నీ లైనే కదరా, చూడు” అని పంపింది. అందులో ఉన్నదిది: ఉద్యోగం కోసం తిరగొద్దు, సొంత డొమైన్ (సైటు అడ్రసు పేరు) కొని, చేసిన పనులు చూపించే పోర్ట్‌ఫోలియో సైటు పెట్టండి, క్లయింట్లే వెతుక్కుంటూ వస్తారు. కింద ఆరు సూత్రాలు. డొమైన్ కొంటే గూగుల్లో పైకొస్తారు. చేసిన ప్రతి పనీ సైటులో పెట్టండి. మీ పని మీదే కాబట్టి ఎవరినీ అడగక్కర్లేదు. మొదట్లో ఉచితంగా చేయండి. రేటు మాత్రం రాయకండి. ఇక ఆరోది, వైజాగ్ అని రాయకండి, బెంగళూరు అని రాస్తేనే విలువ.

నేను విశాఖలో తిండి సరుకుల ప్యాకెట్లకు లేబుళ్ళూ పౌచ్‌లూ డిజైన్ చేస్తాను. పసుపు, కారం, పచ్చళ్ళు, జీడిపప్పు. సొంతంగా మొదలుపెట్టి 9 ఏళ్ళు. ఈ ఆరింటిలో నాలుగు నేనూ పాటించి చెయ్యి కాల్చుకున్నవే, అందుకే కూర్చుని రాస్తున్నాను.

డొమైన్ సంగతి ముందు. డాట్ ఇన్ పేరు మామూలుగా ఏడాదికి వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. కొనుక్కోండి, కార్డు మీద బాగుంటుంది. దానివల్ల గూగుల్లో పైకి రావడం మాత్రం ఉండదు. కొత్త సైటు ఒకటి పుట్టిందని గూగుల్‌కు తెలియడానికే రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. సైటు ఓనర్ల కోసం గూగుల్ పెట్టిన సెర్చ్ కన్సోల్‌లో సైట్‌మ్యాప్ (సైటులోని పేజీల జాబితా) ఇస్తే దారి చూపించినట్టవుతుంది, అంతే. ఆ వెయ్యి కూడా బరువనుకుంటే గిట్‌హబ్ పేజెస్ అనే ఉచిత సేవలో పైసా లేకుండా పెట్టుకోవచ్చు. మన ఊళ్ళో క్లయింట్లు కావాలంటే సైటుకన్నా ముందు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (గూగుల్ సెర్చ్‌లో, మ్యాప్స్‌లో మన వ్యాపారం వివరాలు కనిపించే పేజీ) తెరవండి. అదీ ఉచితమే, ఆఫీసు లేకపోయినా ఇంటి అడ్రసు దాచిపెట్టి ఫలానా ప్రాంతాల్లో పని చేస్తాను అని పెట్టుకునే వీలుంది.

నా సైటు చూసి మొదటి ఏడాది వచ్చిన ఫోన్లు రెండు. ఒకటి లోన్ కావాలా అని. రెండోది, మీ సైటును గూగుల్లో పైకి తెస్తాం సార్ అని.

మరి పని ఎలా దొరికింది? పూర్ణా మార్కెట్‌లో ఒక మసాలా షాపాయనకు వాళ్ళ బావమరిది నా పేరు చెప్పాడు. ఆయన సైటు చూసింది ఆ తర్వాత. అదీ ఎలాగంటే, కాటాలో ధనియాలు తూస్తూ, రెండో చేత్తో ఫోను పట్టుకుని బొటనవేలితో తెరిచాడు. నా హోమ్ పేజీ మీద ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒక ఫొటో, 8 ఎంబీ. మార్కెట్ లోపల రేకుల కింద సిగ్నల్ సంగతి తెలిసిందే. “తిరుగుతానే ఉంది మాస్టారూ” అని ఫోను గల్లాపెట్టె మీద పెట్టేశాడు. నేను సంచీలోంచి ప్యాకెట్లు తీసి చూపించాను కాబట్టి బతికిపోయాను. ఆ రాత్రే ఫొటోలన్నీ వెబ్‌పీ అనే తేలికపాటి ఫార్మాట్‌లోకి మార్చి, ఒక్కోటీ 150 కేబీ దాటకుండా చేశాను. పేజీలో పెద్ద బొమ్మ 2.5 సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టిన కొలత. నాకు మాత్రం ఆ ధనియాల కాటాయే కొలత.

ఫార్వర్డు రాసినాయనకు పట్టని విషయం ఇక్కడే ఉంది. మన సైటు తెరిచేసరికే చాలామందికి ఎవరో మన గురించి చెప్పి ఉంటారు. వాళ్ళ మనసులో ఉండేది అనుమానం. ఈ కుర్రాడు నా పని చేయగలడా, అడ్వాన్సు తీసుకుని ఫోను ఎత్తడం మానేస్తాడా? సైటు ఆ అనుమానం తీర్చగలిగితే దాని పని అది చేసినట్టే.

అందుకే ‘చేసిన ప్రతి పనీ పెట్టండి’ అన్న మాట నాకు అసలు మింగుడుపడదు. నా సైటులో ఒకప్పుడు 43 పనులుండేవి. పెళ్ళికార్డులు, ట్యూషన్ సెంటర్ ఫ్లెక్సీ, ఎప్పటిదో రొయ్యల పచ్చడి లేబుల్. కొంప ముంచింది ఆ లేబులే. సీఫుడ్ వ్యాపారంలో ఉన్న ఒకావిడ దాన్ని పెద్దది చేసి చూసి అడిగారు: “బాబూ, నాన్‌వెజ్ గుర్తు ఇంకా గుండ్రంగానే వేస్తున్నావేటి?” 2020 నాటి ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) లేబులింగ్ నిబంధనలతో మాంసాహార గుర్తు గోధుమరంగు చుక్క పోయి గోధుమరంగు త్రిభుజం అయింది. నా లేబుల్ అంతకు ముందుది, వేసిన రోజుకు తప్పేమీ లేదు. ఆ మాట సైటులో ఎక్కడుంది? ఆవిడకు కనిపించింది రూల్సు తెలియని డిజైనరు. ఆ పని ఇంకొకరికి పోయింది.

ఇప్పుడు 7 మాత్రమే ఉంచాను, అన్నిటికీ ఏడాది వేశాను. ఒక్కోదాని కింద బొమ్మకన్నా మాటలకే ఎక్కువ చోటు. కారం పౌచ్ కింద ఏం రాశానంటే: పాత డిజైన్‌లో 7 రంగులు. పౌచ్‌ను గ్రావ్యూర్‌లో, అంటే చెక్కిన సిలిండర్లతో, అచ్చు వేస్తారు, రంగుకో సిలిండర్ చెక్కించాలి, ఆ ఖర్చు పార్టీదే, అంటే క్లయింటుదే. నేను 4 రంగుల్లో సర్దాను, 3 సిలిండర్ల డబ్బు మిగిలింది. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు పాతదానిలో సీలు పడే అంచులోకి పోయేది, పైకి తెచ్చాను. తేదీ, బ్యాచ్ నంబరు కొట్టడానికి ఏ బొమ్మా లేని తెల్లపట్టీ వదిలాను.

చూడ్డానికి చప్పగా ఉంటుంది. అది చదివినవాళ్ళు ఫోను చేసి అడిగే మొదటి మాట మాత్రం “మాకెన్ని సిలిండర్లు పడతాయి?” అనే. బొమ్మ చూసి “సూపర్ ఉంది” అన్నవాళ్ళలో మళ్ళీ ఫోను చేసినవాళ్ళు నాకు గుర్తులేరు. డిజైనర్లు పనులు చూపించుకునే బిహాన్స్ సైటులో పెట్టినప్పుడు పడ్డ లైకులూ అంతే. కొట్టేవాళ్ళు తోటి డిజైనర్లు, మంచివాళ్ళే, వాళ్ళకు కారం పౌచ్‌తో ఏం పని?

మూడో సూత్రం ప్రమాదకరమైనది. ‘మీ పని మీదే’ అనే మాట అన్ని వేళలా నిజం కాదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చూడండి. గీసినవాడే, రాసినవాడే మొదటి హక్కుదారు అన్నది సాధారణ సూత్రం. దానికి మినహాయింపులున్నాయి. ఉద్యోగంలో భాగంగా చేసినది, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిది. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో, వేయించుకున్న చిత్తరువు, తీయించుకున్న వీడియో కూడా, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చినవారివే. ఆర్కే బీచ్‌లో, కైలాసగిరి మీద ప్రీ వెడ్డింగ్ షూట్లు చేసే తమ్ముళ్ళు దీన్ని రెండుసార్లు చదవండి. ఆ జంట ఫొటో మీ సైటులో పెట్టాలంటే వాళ్ళనడగాలి. లోగో గీసిన ఫ్రీలాన్సర్‌కు హక్కు మొదట తనదే, రాతపూర్వకంగా రాసిస్తే తప్ప పోదు. అయినా హక్కుందని తొందరపడ్డం వేరే కథ.

నేను తొందరపడ్డాను. ఒక పార్టీ కొత్త పౌచ్ ఇంకా ప్రింటింగ్‌లో ఉండగానే సైటులో పెట్టేశాను. రాత్రి 10 గంటలకు ఫోను: “ఏంటి మాస్టారూ, సరుకు మా గోడౌనే దాటలేదు, మీరు ఊరంతా చూపించేశారు!” తీసేశాను, క్షమించమన్నాను. ఆయన మళ్ళీ పని ఇవ్వడానికి రెండేళ్ళు పట్టింది. అప్పటినుంచి కొటేషన్‌లోనే ఒక వాక్యం ఉంటుంది: “సరుకు మార్కెట్లోకి వచ్చాక ఈ డిజైన్‌ను నా సైటులో చూపించుకోవడానికి మీ అనుమతి ఉందా?” చాలామంది సరే అంటారు, వద్దన్నవాళ్ళది పెట్టను.

ఉచితంగా చేయడం గురించి ఎక్కువ చెప్పను. చేతిలో పని లేకపోతే కిరాణా కొట్లో నచ్చని అప్పడాల ప్యాకెట్ ఒకటి కొని, మీ పద్ధతిలో మళ్ళీ గీయండి. కింద ‘సాధన కోసం చేసింది, ఆ కంపెనీ ఇచ్చిన పని కాదు’ అని రాయండి. ఇంకొకరి దగ్గర ఊరికే చాకిరీ చేయడంకన్నా ఇదే నయం. రేటు కూడా రాయండి. నా సైటులో లేబుల్ ఎంతనుంచి, పౌచ్ ఎంతనుంచి, రెండుసార్ల తర్వాత మార్పులకు ఎంత, సగం అడ్వాన్సు అన్నీ ఉంటాయి. రాసిన తర్వాత ఫోన్లు తగ్గాయి, “ఐదొందలకు అవుతుందా” అనేవి దాదాపు పూర్తిగా.

ఇక వైజాగ్ పేరు దాచడం. ఇన్వాయిస్ మీద అడ్రసు రాయాలి కదా, అక్కడ బెంగళూరు ఎక్కడినుంచి తెస్తారు? అమెరికా పార్టీకి మనం వైజాగ్‌లో ఉన్నా బెంగళూరులో ఉన్నా గడియారం ఒకటే. న్యూయార్క్‌లో పొద్దున 9 అయితే మనకు వేసవిలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. అతనికి కావలసింది ఆ వేళకు ఫోను ఎత్తుతామా లేదా అన్నదే. ఇక్కడి పార్టీలకైతే ఈ ఊరిపేరే భరోసా. గ్రావ్యూర్ ప్రూఫ్‌లో (నమూనా అచ్చులో) ఎరుపు తేడాగా వస్తే నేను బండి తీసి అరగంటలో వాళ్ళ యూనిట్‌లో ఉంటాను. పోయిన నెల పెందుర్తి వెళ్ళి, ట్యూబ్‌లైట్ కింద బాగానే ఉన్న ఎరుపును బయట ఎండలో పెట్టి చూస్తే నారింజలోకి పోతోంది, అక్కడికక్కడే ఆపించాం. నా సైటులో అన్నిటికన్నా పైన ఉన్న వరుస ఇప్పుడిది: అక్కయ్యపాలెం, విశాఖపట్నం, రాత్రి 9 దాకా ఫోను ఎత్తుతాను.