ఎడారికి దారి ఒక్కటే చాలు

ఎడారిని మొదటిసారి చూసినవారికి అక్కడ పాడవడానికి ఏముందనిపిస్తుంది. చెట్టూ చేమా కనబడవు, ఎటు చూసినా ఖాళీ. రక్షిత ఎడారుల నిర్వహణలో సగం పొరపాట్లు ఈ భ్రమలోంచే పుడుతున్నాయి. ఒక బాటలో జనం కిక్కిరిసిపోతున్నారనగానే అధికారులకు తట్టే ఉపాయం, మరో రెండు బాటలు తెరిచి వాళ్లను అటూ ఇటూ సర్దడం. దీనివల్ల రద్దీ తగ్గుతుంది కానీ నష్టం పెరుగుతుంది.

ఎందుకో తెలియాలంటే వంగి నేలను చూడాలి. చాలా ఎడారుల్లో ఇసుక నేల మీద అక్కడక్కడ నల్లగా, గరుకుగా, చిన్న చిన్న గుబ్బలతో ఒక పెచ్చు కట్టి ఉంటుంది. అది ప్రాణమున్న పొర. వెలుతురుతో బతికే సయనోబ్యాక్టీరియా అనే సూక్ష్మజీవి తన సన్నని జిగురు పోగులతో ఇసుక రేణువులను ఒకదానికొకటి కుట్టేస్తుంది. ఆ పైన లైకెన్లు (శిలీంధ్రమూ శైవలమూ జతకట్టి బతికే జీవులు), నాచు కుదురుకుంటాయి. గాలికి మట్టి లేవకుండా ఆపేదీ, నేలకు నత్రజని అందించేదీ ఈ పొరే. ఎండి ఉన్నప్పుడు కాలు పడితే కరకరమని పొడైపోతుంది. ఆ ముక్కల మీదికి ఇసుక కొట్టుకొస్తే వెలుతురు అందక పోగులు చచ్చిపోతాయి. అవి మళ్లీ అల్లుకోవడానికి ఏళ్లు పడుతుంది, లైకెన్లు రావడానికి దశాబ్దాలు. అరిగిపోయిన బాటలో వెయ్యో మనిషి నడిచినా కొత్తగా పోయేది స్వల్పం. తొక్కని నేల మీదైతే మొదటి పదిమందితోనే పోవలసినది చాలావరకు పోతుంది.

అమెరికాలోని మొహావీ ఎడారిలో 1942-44 మధ్య సైనిక శిక్షణ కోసం తిప్పిన ట్యాంకుల గాడులు నేటికీ కనిపిస్తాయి. పెరూ ఎడారి నేల మీద ప్రాచీనులు గీసిన భారీ బొమ్మలైన నాజ్కా రేఖల పక్కన 2014లో అడుగుల జాడలు మిగిల్చింది పర్యావరణం కోసం నినదించడానికి వెళ్లిన కార్యకర్తలే. సదుద్దేశం ఉన్నంత మాత్రాన పాదం బరువు తగ్గదు.

అందుకే బాటలు కొద్దిగా ఉండాలనీ, ఉన్నవి గట్టిగా ఉండాలనీ, మిగతా నేలంతా మూసే ఉంచాలనీ మా అభిప్రాయం. బాట బండరాతి మీదుగా వెళ్తే మేలు. లేదంటే ఇసుక వాగులోంచి వెళ్లాలి, వరద వచ్చిన ప్రతిసారీ అడుగుజాడలు తుడిచిపెట్టుకుపోతాయి. కాకపోతే వాగుతో ఒక ప్రమాదముంది: పైన ఎక్కడో కురిసిన వాన ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉండగానే ముంచెత్తుతుంది. కాబట్టి వాగు బాటకు మొదట్లోనే గేటు ఉండాలి, ఎగువన వాన సూచన ఉన్న రోజు దాన్ని మూయాలి.

దొంగ దారులను మూయడం ఇంకో పని. ఒక జీపు దారి తప్పి వెళ్లిన గాడి రోడ్డు మీదికి కనిపించిందంటే, వారం తిరక్కుండా మరొకటి అదే గాడిలో పడుతుంది. బోర్డు పాతితే బోర్డును గుద్దేసి పోయేవాళ్లుంటారు. పనిచేసే పద్ధతి ఆ గాడిని కంటికి ఆనకుండా చేయడం. గట్టిపడిన నేలను పెళ్లగించి, దంతెతో గాడి అంచులు చెరిపి, చుట్టుపక్కల దొరికే ఎండు కంపను నిలువుగా, మొక్క మొలిచినట్టు పాతాలి. రాళ్లను ఊరికే పైన పెడితే పక్కకు దొర్లిస్తారు. మూడింట రెండు వంతులు భూమిలో దిగేలా పూడ్చాలి. దారి పొడవునా చేయనక్కర్లేదు, రోడ్డు నుంచి చూపు ఆనినంత మేర చాలు. పాతిన కంప నీడలో గాలికి కొట్టుకొచ్చిన గింజలు ఆగి మొలుస్తాయి కూడా.

సందర్శకుల సంఖ్య విషయానికొస్తే, అమెరికాలో అరిజోనా-యూటా రాష్ట్రాల సరిహద్దులో ‘ది వేవ్’ అనే ఇసుకరాతి వంపులు చూడటానికి రోజుకు 20 మందినే పంపేవారు. 2021లో దాన్ని 64కు పెంచారు. అనుమతి లాటరీలో. అంత కట్టుదిట్టం అన్నిచోట్లా కుదరదు. సాధారణ ప్రాంతాల్లో అసలు పరిమితి పార్కింగ్ స్థలమే. 30 వాహనాలకు చోటిచ్చి, బండికి ముగ్గురనుకుంటే ఒకేసారి 90 మంది. రోడ్డు పక్కన నిలపనిచ్చారా, ఆ లెక్క గాల్లో కలిసినట్టే. బాట మొదట్లో పెట్టే ఇన్‌ఫ్రారెడ్ లెక్కింపు యంత్రాన్నీ గుడ్డిగా నమ్మకూడదు. పక్కపక్కన నడిచే ఇద్దరిని అది ఒక్కరిగా లెక్కగడుతుంది. కొన్ని గంటలు మనిషి కూర్చుని లెక్కపెట్టి, తేడా ఎంతో చూసి అంకెలు సవరించుకోవాలి.

జంతువుల సంగతి సందర్శకులకు తెలియజెప్పేటప్పుడు నిషేధంతో పాటు కారణం కూడా రాయాలి. మొహావీ తాబేలును బెదిరించి చేతుల్లోకి తీసుకుంటే అది మూత్రాశయంలో దాచుకున్న నీటిని వదిలేయవచ్చు. ఎండాకాలమంతా దానికి ఆధారం ఆ నీరే. నీడ కోసం అది బండి కిందికి చేరుతుంది గనుక ఇంజిన్ స్టార్ట్ చేసే ముందు వంగి చూడాలి. పారేసిన తిండికి చేరే బొంతకాకులు తాబేలు పిల్లలను పొడుచుకు తింటాయి. థార్ ఎడారిలో బట్టమేక పక్షి నేల మీదే, సాధారణంగా ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. జీపు దగ్గరికొచ్చి తల్లి లేచిపోతే గుడ్డు ఎండకు మాడుతుంది. నీటి గుంట పక్కన మనుషులు గుడారం వేస్తే జంతువులు దప్పికతో దూరంగానే ఆగిపోతాయి. అరిజోనా చట్టం పావు మైలు, అంటే సుమారు 400 మీటర్ల ఎడం అడగడం ఇందుకే.

ఎడారిలో తరతరాలుగా పశువులు మేపుకునేవారిని పర్యాటకులతో ఒకే గాటన కట్టడం అన్యాయం. జైసల్మేర్ దగ్గరి ఎడారి జాతీయ పార్కు విస్తీర్ణం 3,162 చదరపు కిలోమీటర్లు, లోపల ఊళ్లున్నాయి. కాపరి మందను ఆపి సఫారీ జీపుకు గేటు తీసే నియమాన్ని అక్కడివారెవరూ గౌరవించరు. దొంగ దారి పడిందన్న కబురు ముందు తెచ్చేది కూడా ఆ కాపరే.

ఇక సిబ్బంది. 2018 డిసెంబరు నుంచి 2019 జనవరి వరకు అమెరికా ప్రభుత్వ కార్యాలయాలు 35 రోజులు మూతపడినప్పుడు, కాలిఫోర్నియా ఎడారిలోని జాషువా ట్రీ జాతీయ పార్కులో అరకొర సిబ్బందే మిగిలారు. గేట్లు మాత్రం తెరిచే ఉన్నాయి. అంతలోనే బండ్లు బాట విడిచి కొత్త గాడులు వేశాయి, జాషువా చెట్లు దెబ్బతిన్నాయి. బడ్జెట్‌లో అద్దాల సందర్శక కేంద్రానికి నిధులు కేటాయించే ముందు, శని ఆదివారాల్లో బాట మొదట్లో నిలబడటానికి ఇద్దరు మనుషులకూ, సోమవారం ఉదయాన్నే కొత్త గాడులు చెరపడానికి రెండు దంతెలకూ డబ్బు ఉందో లేదో చూడాలి.